అరకు ఘాట్‌లో ఆగిన వైపరు

అరకు వెళ్ళొచ్చిన వాళ్ళు బొర్రా గుహల గురించి చెబుతారు, కాఫీ తోటల గురించి చెబుతారు, బొంగులో చికెన్ గురించి నోరూరేలా చెబుతారు. మేమూ అవన్నీ చూశాం (చికెన్ మాత్రం మా అత్తగారు ఉన్నారని ముట్టుకోలేదనుకోండి). కానీ మా ఇంట్లో ఇప్పటికీ అరకు అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది చిటికెనవేలి కొనంత ఉండే ఒక పసుపు రంగు ప్లాస్టిక్ ముక్క. ఆ కథే ఇప్పుడు మీకు చెబుతాను. కారున్న వాళ్ళకే కాదు, ఇంట్లో మిక్సీ ఉన్న ప్రతి ఇల్లాలికీ ఇది పనికొస్తుందనే నా నమ్మకం.

మాది విజయనగరం. 2022 అక్టోబరులో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరానికి మా ఇంటినిండా చుట్టాలే. సంబరం అయ్యాక ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మా అత్తగారు మాత్రం ఉండిపోయారు. అంతకు ముందు ఏడాదే మా మామగారు పోయారు. అప్పట్నుంచి ఆవిడ గుమ్మం దాటి ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఓ సాయంత్రం బియ్యం ఏరుతూ, "బొర్రా గుహల్లో శివుడున్నాడంట కదే. మీ మావగారు తీసుకెళ్తానంటూనే వెళ్ళిపోయారు" అన్నారు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. ఆ మాట నా మనసులో ముల్లులా దిగింది. రాత్రి మావారితో చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఊరుకుని, "శని ఆదివారాలు వెళ్ళొద్దాం" అన్నారు.

మా కారు ఎనిమిదేళ్ళ పాతది. మావారు వాళ్ళ ఆఫీసులో ఒకాయన దగ్గర కొన్నారు. దాన్ని ఆయన కన్నబిడ్డలా చూసుకుంటారు. కారు విషయంలో ఎవరైనా నోరెత్తితే మాత్రం, "మీకెందుకు, వెనక కూర్చోండి" అనేస్తారు. నేనూ అలా వెనక కూర్చోవడానికి అలవాటు పడిపోయినదాన్నే.

శనివారం తెల్లవారుజామునే లేచి పులిహోర, దద్దోజనం, ఆలూ వేపుడు చేసి డబ్బాల్లో సర్దాను. చేగోడీలు ముందురోజే వండేశాను. విజయనగరం నుంచి అరకు వంద కిలోమీటర్ల లోపే. విశాఖపట్నం నుంచి అయితే సుమారు 115 కిలోమీటర్లు ఉంటుంది. ఎటు నుంచి వెళ్ళినా శృంగవరపుకోట తగలాల్సిందే. దాన్ని అందరూ ఎస్.కోట అంటారు. అక్కడ టీ తాగి బయల్దేరితే కాసేపటికి కొండలు మొదలవుతాయి. ఒక్కో మలుపు తిరుగుతుంటే చెవులు గుయ్‌మంటాయి, గాలి చల్లబడుతుంది. ఓ పక్క కొండ, ఓ పక్క లోయ. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలు మార్గం కూడా ఈ కొండల మీదుగానే పోతుంది. అది యాభైకి పైగా సొరంగాల్లోంచి వెళ్తుంది. ఎక్కడో కింద రైలు కూత వినపడి, అది చీమల బారులా ఓ సొరంగంలో దూరి ఇంకోదాంట్లోంచి బయటికొస్తుంటే మా వాడు కిటికీలోంచి తల బయట పెట్టి లెక్కపెట్టాడు.

బొర్రా గుహలు చూస్తే దేవుడు తీరుబడిగా కూర్చుని చెక్కాడా అనిపిస్తుంది. అవి సున్నపురాతి గుహలు. పైనుంచి నీటిచుక్కలు రాలి రాలి, ఆ సున్నం వేల ఏళ్ళపాటు పేరుకుని రకరకాల ఆకారాలు వచ్చాయట. గోస్తనీ నది పుట్టింది ఇక్కడేనని చెబుతారు. గుహల పై నుంచే రైలు కూడా వెళ్తుంది. లోపల శివలింగం దగ్గరికి ఎక్కడానికి మెట్లు నిలువుగా ఉన్నాయి. "కింద కూర్చోండి అత్తయ్యా, మోకాళ్ళు నొప్పెడతాయి" అన్నాను. ఆవిడ వినలేదు. నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కారు. పైకెళ్ళి దణ్ణం పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. దిగేటప్పుడు ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. నేనేం అడగలేదు.

ఆ రాత్రి అరకులో బస. మేం దిగిన చోట కారు పెట్టుకోవడానికి సిల్వర్ ఓక్ చెట్ల కింద స్థలం చూపించారు. కాఫీ తోటల్లో నీడ కోసం పెంచేవి ఈ చెట్లే. వాటికే మిరియాల తీగలు పాకిస్తారు. రాత్రి సన్నగా జల్లు పడింది. పొద్దున్న చూస్తే కారు మీద ఆకులు దట్టంగా రాలి ఉన్నాయి. మావారు చేత్తో పైపైన తుడిచేశారు. అసలు కథ అక్కడే మొదలైందని మాకప్పుడు తెలీదు.

ఆదివారం గిరిజన మ్యూజియం చూశాం. అక్కడున్న రోలు, తిరగలి చూసి మా అత్తగారు, "మా వంటిల్లు తీసుకొచ్చి ఇక్కడ పెట్టేశారే!" అని నవ్వారు. ఏడాది తర్వాత ఆవిడ నవ్వగా చూడటం అదే. పద్మాపురం తోటలు చూశాం. పొలాల్లో వలిసె పూలు అప్పుడప్పుడే పచ్చగా విచ్చుకుంటున్నాయి. కాఫీపొడి కొన్నాం. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కదా. పసుపు, మిరియాలు, రాజ్‌మా కొన్నాను. ఇక కొండచీపుళ్ళు చూశాక కాళ్ళు ముందుకు పడలేదు. మెత్తగా, ఒత్తుగా, మా ఊళ్ళో దొరికే వాటికంటే పొడుగ్గా ఉన్నాయి. బేరమాడి నాలుగు తీసుకున్నాను.

"నాలుగు చీపుళ్ళా! మనుషులకే చోటు లేదు కారులో. ఇల్లు ఊడుస్తావా, ఊరు ఊడుస్తావా?" అన్నారు మావారు.

"మీ అక్కయ్యకొకటి, మా వదినకొకటి" అని సర్దిచెప్పి, వెనకసీట్లో మా కాళ్ళ దగ్గరే పెట్టుకున్నాను. ఈ చీపుళ్ళ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం మూడు దాటాక తిరుగు ప్రయాణం. సుంకరమెట్ట దాటాం. గాలికొండ దగ్గర ఆగి లోయ చూద్దామంటే అప్పటికే మబ్బు కమ్మేసింది. అనంతగిరి దాటేసరికి వాన అందుకుంది. మామూలు వాన కాదు, బిందెలతో కుమ్మరించినట్టు. మావారు వైపర్లు వేశారు. అవి నాలుగుసార్లు బరువుగా కదిలి, 'గర్ర్..' మని మూలిగాయి. ఆయన స్పీడు పెంచారు. ఇంకో రెండుసార్లు ఊగి, అద్దానికి సగంలో టక్కున ఆగిపోయాయి. స్విచ్చి పైకి, కిందికి ఎన్నిసార్లు తిప్పినా చలనం లేదు.

ముందు అద్దంలోంచి ఏమీ కనపడటం లేదు. అంతా నీళ్ళు, తెల్లటి పొగ. ఎడమ పక్క లోయ. కారులో ఎవరూ మాట్లాడలేదు. మా అత్తగారు మాత్రం "శివ శివా" అంటున్నారు. మావారు తల కిటికీ బయట పెట్టి, నత్తనడకన నడిపించుకుంటూ వచ్చి, మలుపు దాటాక రోడ్డు వెడల్పుగా ఉన్న చోట, కొండ వైపున ఆపారు. అదృష్టం కొద్దీ అక్కడ టార్పాలిన్ పట్టా కింద మొక్కజొన్న పొత్తులు కాల్చే ఒకామె కూర్చుని ఉంది. మావారు నాలుగు పక్కలా లైట్లు మిణుకుమిణుకుమనేలా స్విచ్చి వేశారు. మా వాడు రెండు పెద్ద రాళ్ళు తెచ్చి ముందు చక్రాల కింద పెట్టాడు. దిగుడు రోడ్డు కదా, రాయి ముందువైపే పెట్టాలి.

అప్పుడు టైము నాలుగున్నర. అక్టోబరులో ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. కొండల్లో ఇంకా ముందే చీకటి పడుతుంది. ఫోను తీస్తే సిగ్నల్ లేదు. పొత్తులు కాల్చే ఆమె, "పొద్దు పోతే మంచు దిగిపోద్దమ్మా. కారులకు దారి కనపడదు. తొరగా ఎల్లిపోండి" అంది. వెళ్ళాలనే మాకూ ఉంది, ఎలా వెళ్తాం?

"మోటారు కాలిపోయినట్టుంది. ఇక్కడ మనం చేసేదేం లేదు. వాన తగ్గేదాకా కూర్చోవడమే" అన్నారు మావారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

నాకు కారు గురించి అక్షరం ముక్క రాదు. చదివింది ఇంటర్, అదీ సి.ఇ.సి. కానీ ఆ 'గర్ర్' చప్పుడు నేనెక్కడో విన్నాను. ఎక్కడా అని ఆలోచిస్తే మా వంటింట్లోనే! గారెలకి పప్పు గట్టిగా రుబ్బేటప్పుడు, నీళ్ళు చాలక బ్లేడు తిరగలేక మిక్సీ అచ్చం అలాగే మూలుగుతుంది. ఇంకాస్త నొక్కితే టక్కున ఆగిపోతుంది. కొత్తలో నేనూ మిక్సీ కాలిపోయిందనే ఏడ్చాను. షాపతను వచ్చి దాన్ని బోర్లించి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కి, "కాలిపోలేదమ్మా. కాలిపోకుండా ఇదే ఆపేసింది" అన్నాడు. జారులో పప్పు తగ్గించి బటన్ నొక్కితే మళ్ళీ తిరిగింది.

అందుకని మెల్లిగా అడిగాను. "ఏవండీ, మోటారు కాలితే వాసన రావాలి కదా? ఏం రాలేదు. అద్దం మీద నీళ్ళు చిమ్మేది ఉంటుందే, అదొకసారి నొక్కండి."

"బయట ఇంత వాన పడుతుంటే అదెందుకు?" అంటూనే నొక్కారు. అదీ రాలేదు.

"చూశారా! ఇంట్లో ఒక గదిలో లైటూ ఫ్యానూ రెండూ ఒకేసారి ఆగిపోతే ఏమనుకుంటాం? రెండూ ఒకేసారి కాలిపోయాయనుకోం. ఫ్యూజు పోయిందనుకుంటాం. ఇదీ అంతేనేమో."

ఆయన నా వంక అదోలా చూశారు గానీ 'వెనక కూర్చో' అనలేదు. అరలోంచి కారుతో ఇచ్చిన పుస్తకం తీశారు. చిన్న అక్షరాలు, ఆయన కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది. మా అమ్మాయి ఫోను లైటు వేసి చదివింది. స్టీరింగ్ కింద, డ్రైవరు మోకాళ్ళ దగ్గర ఒక చిన్న మూత ఉంది. ఇంజను దగ్గర కూడా ఇంకో ఫ్యూజుల పెట్టె ఉంటుందట. వైపరుది మాత్రం ఈ లోపలి పెట్టెలోనే ఉంది.

మూత తియ్యగానే నాకు మా పోపుల డబ్బా గుర్తొచ్చింది. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగు... చిన్న చిన్న బిళ్ళలు వరసలో గుచ్చి ఉన్నాయి. ఒక్కో దాని మీద ఒక్కో అంకె. మూత లోపలి వైపు ఏది దేనికో బొమ్మలు వేసి ఉన్నాయి. వైపరు బొమ్మ ఉన్న చోట 20 అని రాసి ఉంది. అక్కడున్నది పసుపు ఫ్యూజు. పక్కనే దాన్ని పట్టి లాగడానికి బట్టలకు పెట్టే క్లిప్పులాంటి బుల్లి పట్టకారు కూడా ఉంది.

తాళం చెవి తీసేయించాను. కరెంటు వస్తువు ఏది ముట్టుకున్నా ముందు స్విచ్చి ఆపాలని మా నాన్నగారు నేర్పిన పాఠం. మావారి వేళ్ళు లావు, ఆ సందులో పట్టలేదు. నేనే వంగి ఆ పట్టకారుతో పట్టుకుని తిన్నగా లాగాను. వచ్చేసింది. లైటుకు ఎదురుగా పెట్టి చూస్తే, ఆ ప్లాస్టిక్ లోపల రెండు కాళ్ళనూ కలిపే సన్నటి లోహపు తీగ మధ్యలో తెగి, అంచులు నల్లబడి ఉంది. మంచి ఫ్యూజులో ఆ తీగ తెగకుండా వంపు తిరిగి ఉంటుంది.

"హమ్మయ్య" అన్నారు అందరూ. కానీ అసలు తగువు అప్పుడే మొదలైంది.

మూతలో విడిగా మూడు ఫ్యూజులు గుచ్చి ఉన్నాయి. ఒకటి ఎర్రది, 10. ఒకటి నీలం, 15. ఇంకోటి ఆకుపచ్చది, 30. మాక్కావలసిన 20 లేదు. పాత యజమాని ఎప్పుడో వాడేసినట్టున్నాడు.

"30 పెట్టేద్దాం. పెద్దదే కదా, ఇంకా గట్టిగా ఉంటుంది. మళ్ళీ పోదు" అన్నారు మావారు, చెయ్యి చాపుతూ.

"వద్దండీ" అన్నాను.

"చీకటి పడిపోతోంది. వాదనలకి టైము కాదిది."

నేను ఆ ఆకుపచ్చ ఫ్యూజుని గుప్పిట్లో పెట్టేసుకున్నాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన అడిగింది ఇవ్వకపోవడం అదే మొదటిసారేమో. నా గుండె దడదడలాడుతోంది. వానకి కాదు, లోయకి కాదు. నాకు మా మేనమామ ఇల్లు కళ్ళ ముందు కనపడింది.

నాకప్పుడు పదేళ్ళుంటాయి. మా మామయ్య కూతురి పెళ్ళి. ఆ రోజుల్లో ఇళ్ళల్లో పింగాణీ కటౌట్లు ఉండేవి. ఫ్యూజు పోతే వాటిల్లో సన్నటి తీగ చుట్టి పెట్టేవాళ్ళం. పెళ్ళికి సీరియల్ లైట్లు, మైకు సెట్టు, అద్దెకు తెచ్చిన ఫ్యాన్లు అన్నీ ఒక్క లైను మీదే తగిలించారు. గంటకోసారి ఫ్యూజు పోవడం మొదలైంది. మగపెళ్ళివారి ముందు పరువు పోతోందని ఎవరో పెద్దమనిషి సన్న తీగ తీసేసి, లావుపాటి రాగి తీగ బిగించాడు. "ఇక చూడండి, పోతే నన్నడగండి" అన్నాడు. నిజమే, ఫ్యూజు పోలేదు. కానీ తెల్లవారుజామున అటక మీద నుంచి పొగ వచ్చింది. గోడ మీద చెక్క బద్దీల్లో వేసిన పాత వైర్లు వేడెక్కి కాలిపోయి, అటక మీదున్న పరుపులు అంటుకున్నాయి. మనుషులంతా పందిట్లో ఉన్నారు కాబట్టి బతికారు. పెళ్ళికూతురి చీరల పెట్టె, మా అమ్మమ్మ ఎన్నో ఏళ్ళుగా కుట్టుకున్న బొంతలు అన్నీ బూడిదయ్యాయి. అమ్మమ్మ ఆ బూడిద ముందు కూర్చుని ఒక మాటంది. "పోవాల్సిన పైసా తీగని పోనివ్వలేదు. ఇల్లు పోయింది."

ఆ కారు దగ్గర, ఆ వానలో, ఇదంతా గబగబా చెప్పేశాను. "ఈ కారులో వైపరుకు వేసిన వైరు 20కి సరిపడా వేసుంటారండీ. 30 పెడితే, ఎక్కువ కరెంటు లాగినా ఫ్యూజు కరగదు. దాని బదులు వైరు వేడెక్కుతుంది. ఆ వైర్లు మన కాళ్ళ దగ్గరే ఉన్నాయి. లోపల అత్తయ్య ఉన్నారు, పిల్లలున్నారు."

మావారు ఏమీ అనలేదు. అప్పుడు కారులోంచి మా అత్తగారు తల బయట పెట్టారు. "ఒరే నాన్నా, అది చెప్పేది వినరా. మీ నాన్న నా మాట వినుంటే ఆస్పత్రికి నాలుగు రోజులు ముందే వెళ్ళేవాళ్ళం" అన్నారు. ఆ మాటకి మేమిద్దరం తలొంచుకున్నాం. మామగారి విషయం ఆవిడ నోటివెంట అలా రావడం అదే మొదలు.

"మరి ఏం చేద్దాం?" అన్నారు మావారు. గొంతులో కోపం లేదు.

మా అమ్మాయి మూత మీది బొమ్మలన్నీ మళ్ళీ చదివింది. "అమ్మా, ఫోను ఛార్జింగ్ పెట్టుకునే సాకెట్‌కి కూడా 20 అనే ఉంది!" అంది. చూస్తే అదీ పసుపే, అదే సైజు. ఆ పూటకి ఛార్జింగ్ లేకపోతే కొంపలేం మునగవు కదా. దాన్ని లాగి వైపరు గూట్లో పెట్టాలి.

కానీ పెట్టే ముందు నేను మళ్ళీ అడ్డుపడ్డాను. మిక్సీ జారులో పప్పు తియ్యకుండా ఎర్ర బటన్ నొక్కితే ఏమవుతుంది? మళ్ళీ ఆగుతుంది. ఉన్నది ఒక్కటే ఫ్యూజు. అదీ పోతే ఇక గతి లేదు. "అసలు వైపరు ఎందుకు బిగుసుకుందో ముందు చూడండి" అన్నాను.

మావారు బానెట్ ఎత్తారు. ముందు అద్దం అడుగున, వైపర్లు పడుకునే చోట ఒక సన్నటి గాడి ఉంటుంది. దాన్నిండా రాత్రి రాలిన ఆకులు! వానకి నానిపోయి, తొక్కిపెట్టిన చింతపండులా గట్టిపడి ఉన్నాయి. చూపుడువేలంత పుల్ల ఒకటి వైపరు చేతి కింద అడ్డంగా ఇరుక్కుని ఉంది. ఆ పుల్లని తొయ్యలేకే మోటారు మూలిగింది. తొయ్యలేని కొద్దీ ఎక్కువ కరెంటు లాగింది. ఆ కరెంటుకి మోటారు కాలిపోకుండా ఫ్యూజు తను తెగిపోయింది. పాపం మనమేమో దాన్నే తిట్టుకుంటాం!

పుల్ల చేత్తో వచ్చింది గానీ, ఆకులు ఆ సందుల్లోంచి రాలేదు. వేలు దూరదు. అప్పుడు మా వాడు కారులోంచి ఒక కొండచీపురు తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. మొదలు వైపు పుల్లలతో గుచ్చి లాగుతూ, కుచ్చు వైపుతో ఊడుస్తూ ఐదు నిమిషాల్లో ఆ గాడి శుభ్రం చేసేశాను. మా ఇంటి నట్టిల్లు కూడా అంత శ్రద్ధగా ఊడ్చి ఉండను. పొత్తులామె నాకు తన పట్టా చెంగు అడ్డంపట్టి, "నువ్వే మెకానిక్కువా అమ్మా?" అని నవ్వింది.

వైపరు చేతిని మావారు మెల్లిగా కదిపి చూశారు. ఇప్పుడు ఇరకాటం లేదు. ఫ్యూజుని గూట్లో తిన్నగా పెట్టి, వేలితో పూర్తిగా లోపలికి నొక్కాను. ఆయన తాళం తిప్పి స్విచ్చి వేశారు.

సుయ్... సుయ్... రెండు వైపర్లూ హాయిగా ఊగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా అత్తగారు రెండు చేతులూ జోడించారు, బొర్రా వైపుకో, నా వైపుకో తెలీదు. మావారు మాత్రం కాసేపు ఆ వైపర్లనే చూస్తూ కూర్చుని, "పొత్తులు ఎంతమ్మా? ఐదు ఇవ్వు" అన్నారు. మొదటి పొత్తు నాకే ఇచ్చారు. ఆయన మెచ్చుకోవడమంటే అంతే. నాకది చాలు.

చీకటి పడుతుండగా ఎస్.కోటలో దిగాం. మర్నాడు విజయనగరంలో మెకానిక్‌కి చూపిస్తే మోటారుకి ఏమీ కాలేదన్నాడు. కొత్త 20 ఫ్యూజు ఒకటి సాకెట్‌కి పెట్టాడు. జరిగింది విని, "మంచి పని చేశారమ్మా. కొందరు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టేస్తారు. తర్వాత వైర్లన్నీ కాల్చుకుని నా దగ్గరికొస్తారు" అన్నాడు.

అతని దగ్గర, మా పుస్తకంలో తెలుసుకున్న నాలుగు ముక్కలు మీకోసం రాస్తున్నాను. కత్తిరించి కారులో పెట్టుకోండి.

రంగును బట్టి అంకె తెలుస్తుంది: లేత గోధుమ 5, ముదురు గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, తెల్లగా అద్దంలా ఉండేది 25, ఆకుపచ్చ 30. అయినా పెట్టే ముందు మీది అంకె చూసి సరిచూసుకోండి.

ఫ్యూజుల్లో చిన్న సైజు, పెద్ద సైజు ఉంటాయి. కొనేటప్పుడు మీ కారుది ఒకటి చూపించి అదే సైజు తెచ్చుకోండి. ప్రతి అంకెలోనూ రెండేసి ఉంచుకుంటే మంచిది.

ముందు కారును మలుపులో కాకుండా వెడల్పు చోట ఆపాలి. తాళం తీసేయాలి. ఆ తర్వాతే ఫ్యూజు ముట్టుకోవాలి.

పోయిన ఫ్యూజు స్థానంలో అదే అంకె పెట్టాలి. పెద్ద అంకె, తీగ, పిన్నీసు, వెండి కాగితం ఏవీ పనికిరావు. చిన్న అంకె పెడితే వైర్లు కాలవు గానీ ఫ్యూజు వెంటనే పోవచ్చు.

కొత్తది పెట్టగానే మళ్ళీ పోతే, ఇంకోటి పెట్టకండి. ఎక్కడో లోపం ఉందన్నమాట. మెకానిక్‌కి చూపించాల్సిందే.

బ్యాటరీ కార్లలో నారింజ రంగు లావుపాటి కేబుళ్ళు ఉంటాయి. వాటిలో చాలా ఎక్కువ వోల్టేజీ ఉంటుంది. వాటి జోలికి అస్సలు పోకూడదు.

చెట్టు కింద కారు పెట్టినప్పుడు అద్దం అడుగున ఆకులు ఊడ్చాకే బయల్దేరండి. దానికి ఏ చీపురు మంచిదో నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇప్పుడు మా కారు అరలో ఒక చిన్న స్టీలు డబ్బా ఉంటుంది. దాంట్లో రంగురంగుల ఫ్యూజులు, ఆ బుల్లి పట్టకారు. మొన్న మా అత్తగారిని అరసవల్లి తీసుకెళ్ళడానికి బయల్దేరుతుంటే, మావారు స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పబోయి ఆగారు.

"నీ పోపుల డబ్బా పెట్టావా?" అని అడిగారు.

"పెట్టాను" అన్నాను, ముందుసీట్లో కూర్చుంటూ.